మిన్నెసోటా బిల్డర్ లైసెన్స్ రెన్యువల్: మంచి ఎనర్జీ కోడ్ క్లాస్ ఎవరికైనా తెలుసా?

నమస్కారమండీ. మినియాపోలిస్ దగ్గర నేనూ మా బావమరిదీ చిన్న రీమోడలింగ్ కంపెనీ నడుపుతున్నాం. కంపెనీ లైసెన్స్ కోసం పరీక్ష రాసి క్వాలిఫైయింగ్ బిల్డర్‌గా ఉన్నది నేనే. లైసెన్స్ మార్చి 31తో ముగుస్తుంది. రెండేళ్లకి 14 గంటల క్లాసులు కావాలి కదా, అందులో ఎనర్జీ కోడ్‌కి (ఇంట్లో వేడి వృథా కాకుండా కట్టే నిబంధనలకి) ఒక గంట, బిజినెస్ మేనేజ్‌మెంట్‌కి ఒక గంట తప్పనిసరి. ఎనర్జీ కోడ్ గంట ఒక్కటే మిగిలింది.

ఏదో ఒక ఆన్‌లైన్ వీడియో పెట్టేసి సర్టిఫికెట్ తెచ్చుకోవడం నాకిష్టం లేదు. పోయిన జనవరిలో, మేమే కట్టిన బేస్‌మెంట్‌లో రిమ్ జాయిస్ట్ (పునాది గోడ మీద, ఫ్లోర్ అంచున ఉండే చెక్క) దగ్గర ఫైబర్‌గ్లాస్ ఇన్సులేషన్ లాగి చూస్తే చెక్క మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. మధ్యాహ్నానికి కరిగి డ్రైవాల్ అంతా తడిసింది. మా ఖర్చుతోనే మళ్ళీ చేసిచ్చాం, కానీ ఆ ఇంటావిడ ముఖం ఇంకా గుర్తుంది.

అందుకే అడుగుతున్నాను: చలి ప్రాంతాల్లో తేమ, గాలి లీకుల గురించి ఎదురుగా చూపించి నేర్పే క్లాస్, రాష్ట్ర లేబర్ డిపార్ట్‌మెంట్ ఆమోదం ఉన్నది, ఎవరైనా వెళ్ళారా? మా బావమరిది కూడా వచ్చి కూర్చోవచ్చా? దయచేసి చెప్పండి.