నులివెచ్చన తిట్టు ఎలా అయింది?

చలికాలపు నులివెచ్చని ఎండ. పసిబిడ్డకు పోసే నులివెచ్చని నీళ్ళు. తెలుగులో ఈ మాట ఎక్కడ విన్నా హాయిగానే ఉంటుంది, ఒక్క చర్చిలో తప్ప. అక్కడ "నులివెచ్చని విశ్వాసి" అంటే తిట్టు. ఆదివారం వస్తాడు, కానుక వేస్తాడు, సోమవారం నుంచి మామూలే.

దీనికి మూలం బైబిల్లో చివరి పుస్తకం, ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో లవొదికయ సంఘానికి రాసిన ఉత్తరం. "నీవు వెచ్చగానైనను చల్లగానైనను ఉండక, నులివెచ్చనగా ఉన్నావు గనుక" నోటనుండి ఉమ్మివేస్తానంటాడు ప్రభువు. చిన్నప్పటి నుంచి నా సందేహం ఒకటే. వెచ్చనికీ నులివెచ్చనికీ ఎంత తేడా? రెండు డిగ్రీలు ఉంటుందా? అంతమాత్రానికే ఉమ్మేయాలా?

ఈ మధ్య గ్రీకు మాట చూశాక అర్థమైంది. అక్కడున్నది "జెస్తోస్". మరగడం అనే క్రియ నుంచి వచ్చిన మాట. అంటే సలసల కాగే వేడి. దాన్ని మనవాళ్ళు "వెచ్చగా" అనేసరికి పొయ్యి మీది ఎసరు కాస్తా నిన్నటి కూర వెచ్చబెట్టినట్టయింది. మీరైతే ఏ మాట వాడతారు?

— మా రాయలసీమలో అయితే "ఉడుకు". ఉడుకునీళ్ళు అంటే చెయ్యి పెట్టలేం. "ఉడుకుగానైనను చల్లగానైనను" అని చదివి చూడండి, తేడా తెలుస్తుంది. ఇళ్ళల్లో నులివెచ్చన అనేవాళ్ళు కూడా తక్కువే, గోరువెచ్చన అంటాం. "గోరువెచ్చని విశ్వాసి" అంటే నవ్వొస్తుంది గానీ విషయం సూటిగా తగులుతుంది.

— అన్నా, నాకు ఇబ్బంది "చల్లగా" దగ్గర. ప్రసంగాల్లో చల్లగా అంటే దేవుడే పట్టనివాడని చెబుతారు. మరి అలాంటివాడుగా ఉన్నా మేలే అని ముందు వచనంలో ప్రభువు ఎందుకంటాడు? మా అమ్మమ్మ "చల్లగా ఉండు నాయనా" అని దీవించేది. తెలుగులో చల్లదనం శాపం కాదు కదా!

— అమ్మమ్మగారి వైపే కొందరు పండితులు కూడా ఉన్నారండీ. లవొదికయ ఇప్పటి టర్కీలో దెనిజ్లి పక్కన ఉండేది. దగ్గర్లోని హియెరాపొలిలో వేడినీటి ఊటలు, ఇప్పటి పాముక్కలే అదే. ఇంకోవైపు కొలొస్సయిలో చల్లని నీళ్ళు. లవొదికయకు మాత్రం నీళ్ళు దూరం నుంచి గొట్టాల్లో రావాలి. ఆ గొట్టాల లోపల సున్నం గారలా పేరుకుపోయింది, తవ్వకాల్లో దొరికాయి. వేడినీళ్ళు ఒళ్ళు నొప్పులకు, చల్లనివి దాహానికి. రెండూ పనికొస్తాయి, మధ్యరకం ఎందుకూ కొరగాదు అని వాళ్ళ వాదన. పైగా అది డబ్బున్న ఊరు. క్రీ.శ. 60లో భూకంపం వస్తే రోము సాయం లేకుండానే మళ్ళీ కట్టుకుందని రోమను చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. అదే ఉత్తరంలో "నాకేమియు కొదువలేదు" అన్నది ఆ ఊరివాళ్ళే మరి.

— మాస్టారూ, ఆ మరిగే క్రియ బైబిల్లోనే రోమా పత్రిక 12:11లో కూడా ఉంది. మన అనువాదంలో "ఆత్మయందు తీవ్రతగలవారై". తీవ్రత అంటే నాకు తుపాను, జ్వరం గుర్తొస్తాయి. మూలంలో ఆత్మలో మరుగుతూ ఉండండి అని. రెండు చోట్లా ఒకే ధాతువున్నా తెలుగులో ఆ చుట్టరికం కనిపించదు.

— అందుకేనేమో ప్రార్థనల్లో మన జనం వేరే మాట పట్టుకున్నారు. "ప్రభువా, మమ్మును మండించు" అంటారు గానీ వెచ్చబెట్టు అనరు! ఎమ్మాయు ఊరి దారిలో యేసు శిష్యులు అన్నదీ అదే, "మన హృదయము మనలో మండుచుండలేదా" అని.

మొదటి పోస్టు పెట్టింది నేనే. "ఉడుకు" నాకు బాగా నచ్చింది. ఒకటి మర్చిపోయాను. "ఉమ్మివేయ" అన్నచోట గ్రీకు మాటకు అసలు అర్థం కక్కడం. చర్చిలో చదవడానికి బాగోదని మెత్తబరిచి ఉంటారు, అది నా ఊహ.

— కక్కడమే అయితే నులివెచ్చన సరిగ్గా సరిపోయింది! యోగా నేర్పేవాళ్ళు వమనానికి తాగించేది గోరువెచ్చని ఉప్పునీళ్ళే. నేను ఒకసారి తాగాను. మరుసటి రోజు పొద్దున కాఫీ కూడా దిగలేదు.