పెద్ద పాత ఇల్లు: బాగుచేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా?

పెద్దకూతురు

అమ్మానాన్నలు ఇద్దరూ పోయాక మా ఇల్లు అమ్మేద్దామని అనుకున్నాం. ముగ్గురం పిల్లలం, ముగ్గురం తలో ఊళ్లో ఉన్నాం. 1968లో కట్టిన ఇల్లు. ఐదు పడకగదులు, పెద్ద హాలు, ముందూ వెనకా వరండాలు. ఎత్తైన కప్పు, గాలికీ వెలుతురుకీ లోటు లేదు. లోపాలు కూడా ఉన్నాయి. ఐదు గదులకూ కలిపి ఒకటే స్నానాల గది. వంటగది వెనక మూలకు, పగలు కూడా లైటు వేసుకోవాలి. వైరింగ్ 1984లో మార్చారు, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. వానాకాలంలో పడమటి గోడ అడుగున చెమ్మ దిగుతుంది. రెండో గదిలో కిటికీ మూల నుంచి పైకి ఏటవాలుగా ఒక బీట ఉంది.

వంటగదీ స్నానాల గదీ కొత్తగా చేయించి, ఇల్లంతా రంగులేయించి అమ్మితే త్వరగా పోతుంది, ధర కూడా బాగా వస్తుందని అన్నయ్య అంటున్నాడు. ఉన్నదున్నట్టు చూపించి, ఆ మేరకు ధర తగ్గించి అమ్ముదామని నేనంటున్నాను. తమ్ముడు ఎటూ చెప్పడు. ధర సంగతి అలా ఉంచితే, ఆ బీట మీద పుట్టీ పెట్టి రంగు వేయడానికి నాకు మనసు ఒప్పడం లేదు. మీరేమంటారు?

రెండంతస్తులు

మీ అన్నయ్య మాటే సరైనదని నా అనుభవం. మేమూ ఇలాంటి ఇల్లే అమ్మాం. మొదటి ఎనిమిది నెలలు ఏమీ చేయకుండా అమ్మకానికి పెట్టాం. వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి పాత స్నానాల గది చూసి వెనక్కి వెళ్లిపోయేవారు. గదుల విశాలం ఎవరి కంటికీ ఆనలేదు. ఖాళీ గోడల మధ్య తమ కాపురం ఎలా ఉంటుందో ఊహించుకోవడం అందరికీ రాదు. తర్వాత స్నానాల గది, వంటగది చేయించి రంగులు వేయించాం. రెండు నెలల్లో అమ్ముడుపోయింది. అందులో మోసం ఏముంది? ఇంటిని శుభ్రంగా, చూడదగ్గట్టు అప్పగించడం కొనేవాళ్లకు ఇచ్చే మర్యాదే కదా.

కొత్తతాళం

పైన రాసినవారి మీద కోపం లేదు. కానీ ఆ మాటలు చదువుతుంటే నా గుండె మండింది, ఎందుకంటే నేను అటువైపు మనిషిని. "పూర్తిగా ఆధునికీకరించిన కుటుంబ గృహం" అని చూసి కొన్నాను. కొత్త టైల్స్, కొత్త ఫాల్స్ సీలింగ్, మెరిసే వంటగట్టు. నాలుగో నెలలో స్నానాల గది పక్క గోడ ఉబ్బింది. టైల్స్ పగలగొట్టి చూస్తే లోపల పాత ఇనుప పైపులే ఉన్నాయి. లోపలి నుంచి తుప్పు పేరుకుని, నీళ్లు పోయే దారి వేలెడంత కూడా మిగల్లేదు. కొత్త టైల్స్ అన్నీ పోయాయి, పని మళ్లీ మొదటి నుంచి. నేను కట్టిన ధరలో ఆ టైల్స్ ఖరీదు కూడా ఉంది. అంటే వాటికి డబ్బు కట్టి కొనుక్కున్నాను, మళ్లీ డబ్బిచ్చి పగలగొట్టించాను.

పెద్దకూతురు గారూ, పైపులు మార్చకుండా మాత్రం టైల్స్ వేయించకండి. ఇంకేం చేసినా సరే.

ఇటుకా సున్నం

నేను సివిల్ ఇంజనీరుని, ఇరవై ఆరేళ్లుగా పాత ఇళ్ల మరమ్మతులే చేస్తున్నాను. అమ్మాలా, బాగుచేయించాలా అనేది తర్వాత తేల్చుకోండి. ముందు ఆ ఇంటికి ఏ జబ్బు ఉందో తెలియాలి. మీరు చెప్పినవాటిలో రెండు విషయాలు నాకు ముఖ్యం.

మొదటిది బీట. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయిందంటే పునాది ఒక పక్క కుంగి ఉండవచ్చు, లేదా కిటికీ మీది లింటెల్, అంటే పై గోడ బరువు మోసే అడ్డదూలం, సరిగా కూర్చోకపోయి ఉండవచ్చు. ఎప్పుడో నలభై ఏళ్ల కిందట కదిలి ఆగిపోయిన బీట వేరు, ఇప్పటికీ కదులుతున్న బీట వేరు. మొదటిది పూడ్చేస్తే చాలు, రెండోదానికి అసలు వైద్యం పునాది దగ్గర చేయాలి. చూడగానే తేల్చడం ఎవరి వల్లా కాదు. బీట రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి పక్కనే తేదీ రాయండి. బీటకు అడ్డంగా సన్నని గాజు పలక అతికించండి. గోడ కదిలితే అది పగులుతుంది. కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటనివ్వాలి. మీ అన్నయ్యగారు పుట్టీ పెట్టిస్తే ఈ సాక్ష్యమే పోతుంది. రేపు మీరు నిజం చెప్పాలనుకున్నా చెప్పడానికి మీకే తెలియదు.

రెండోది చెమ్మ. వానాకాలంలోనే, ఒక్క గోడకే, అదీ అడుగునే అంటున్నారు కాబట్టి ముందు బయటకు వెళ్లి చూడండి. గోడ కట్టేటప్పుడు నేల చెమ్మ పైకి ఎక్కకుండా అడుగున ఒక పొర వేస్తారు. ఏళ్లు గడిచే కొద్దీ బయట మట్టి పోసి, గచ్చు మీద గచ్చు వేసి, ఆ పొర కన్నా నేలను ఎత్తు చేస్తుంటారు. అప్పుడు వాన నీరు ఆ పొరను దాటి నేరుగా ఇటుకలోకి దిగుతుంది. ఇలాంటి ఇళ్లు ఎన్ని చూశానో లెక్కలేదు. లోపల వేలకు వేలు పోసి వాటర్‌ప్రూఫ్ రంగులు వేస్తారు. ఆ రంగు చెమ్మను లోపలే బంధిస్తుంది, అది ఇంకో అడుగు పైకెక్కి మరో చోట బయటపడుతుంది. బయట ఒక జానెడు తవ్వితే పోయేదానికి ఇంత కథ.

ఇంకో మాట. 1968 నాటి కట్టడం కాబట్టి గోడలు సున్నంతో కట్టారేమో చూడండి. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. దాని మీద గట్టి సిమెంటు పూత పూస్తే ఆ వదిలే దారి మూసుకుపోతుంది.

స్లాబ్ కింద పెచ్చులు ఊడుతున్నాయా? ఊడుతుంటే లోపల చువ్వలు తుప్పు పడుతున్నట్టే. తుప్పు అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే కాంక్రీటు పగిలి రాలుతుంది. కొత్తగా విరిగిన చోట ఫినాఫ్తలీన్ అనే రసాయన ద్రావణం చల్లి చూస్తే ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకు మారుతుంది. రంగు మారకపోతే చువ్వలను కాపాడే క్షార గుణం అక్కడ పోయిందని అర్థం. దీనికి పెద్ద ఖర్చేమీ ఉండదు.

ఒకటోతారీఖు

నేను కొనబోయేవాణ్ణి. జీతం మీద బతికే కుటుంబం, ఇద్దరు పిల్లలు. మా వైపు నుంచి కూడా ఒక్కసారి ఆలోచించండి.

బ్యాంకు సాధారణంగా ఇల్లు ఈ రోజు ఉన్న స్థితిని చూసి లోన్ ఇస్తుంది. మరమ్మతులకు మళ్లీ వేరే లోన్ దొరకాలి, లేదంటే మా చేతి డబ్బే పెట్టాలి. ముందు కట్టాల్సిన సొమ్ముకే దాచుకున్నదంతా అయిపోతుంది. మీరు ధర ఎంత తగ్గించినా ఆ తగ్గింపు నా చేతికి నోట్లుగా రాదు, లోన్ తగ్గుతుంది అంతే. వైరింగ్, పైపులు, స్నానాల గది అన్నిటికీ మొదటి ఆరు నెలల్లోనే డబ్బు కావాలి. పైగా పని జరుగుతున్నన్నాళ్లూ అద్దె కట్టుకుంటూ ఉండాలి. ఆ టెన్షన్ తలుచుకుంటేనే అలాంటి ప్రకటనలు వదిలేస్తాను. ఉన్నదున్నట్టు అమ్ముతామంటే కొనగలిగేది చేతిలో డబ్బున్నవాళ్లే. వాళ్లలో చాలామంది ఇల్లు పడగొట్టి కట్టుకోవడానికే వస్తారు. మీ ఇంట్లో ఒక కుటుంబం ఉండాలని మీకుంటే మాలాంటివాళ్లకు అందేలా ఉంచండి.

పెద్దకూతురు

ఒకటోతారీఖు గారూ, ఈ కోణం నాకు తట్టనే లేదు. తగ్గింపు చేతికి రాదన్న మాట రాత్రంతా మనసులో తిరిగింది. అన్నయ్యకు కూడా చదివి వినిపించాను.

తీగలపని

ఎలక్ట్రీషియన్‌ని. 1984 వైరింగ్ అంటే వైరు పైతొడుగు ఇంకా బాగానే ఉండే అవకాశం ఉంది. నా భయం వేరు. అప్పట్లో లైట్లు, ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్ నడిస్తే చాలనుకుని వేసి ఉంటారు. ఇప్పుడు గది గదికీ ఏసీ, గీజర్, వాషింగ్ మెషిన్ తగిలిస్తారు. అదే సన్నని వైరు మీద ఇంత లోడ్ పడితే గోడలోని జాయింట్లు వేడెక్కుతాయి. ఎర్తింగ్ అన్ని సాకెట్లకూ ఉందో లేదో చూడాలి. వైరు తొడుగు కరెంటును బయటకు పోనివ్వకుండా ఆపుతోందో లేదో చూసే మెగ్గర్ అనే మీటరుతో ఇన్సులేషన్ పరీక్ష చేయించండి, 500 వోల్టుల దగ్గర ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే ఆ లైను పనికిరాదు. మనిషి షాక్ తిన్నప్పుడు కరెంటు ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ పాత బోర్డుల్లో సాధారణంగా కనిపించదు.

వైరింగ్ మార్చాలంటే గోడలు కొట్టాలి. కాబట్టి రంగుల కన్నా ముందు ఇదే జరగాలి. ముందు పైకప్పు, చెమ్మ, బీటలు. తర్వాత తీగలు, పైపులు. ఆ తర్వాతే ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, ఆఖరున రంగులు. వరస తప్పితే చేసిన పనినే మళ్లీ పగలగొట్టాలి.

రెండంతస్తులు

వరస గురించి ఒప్పుకుంటాను. నిజం చెప్పాలంటే మేమూ పైపులు మార్చలేదు. కొన్నవాళ్లకు ఏమైందో నాకు తెలియదు. కొత్తతాళం గారి మాటలు చదివాక ఆ ఆలోచన వదలడం లేదు. అయినా ఒకటి అడుగుతాను, అన్నీ చేయించి అమ్మేంత స్తోమత అమ్మేవాళ్లందరికీ ఉంటుందా?

చెట్టునీడ

పడగొట్టడం గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడటం లేదు, అందుకే రాస్తున్నాను. పాత ఇల్లు అంటే అప్పటికే కాల్చిన ఇటుక, అప్పటికే తయారైన సిమెంటు. ప్రపంచంలో మనుషులు వెలువరించే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం దాకా సిమెంటు తయారీ నుంచే వస్తోంది. నిలబడగలిగిన ఇంటిని కూల్చి అదే చోట కొత్తది కట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. 2021లో ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద గౌరవమైన ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న ఫ్రెంచ్ ఆర్కిటెక్టులు ఆన్ లాకాటన్, జాన్ ఫిలిప్ వసాల్ ఎన్నో ఏళ్లుగా చెబుతున్నది ఇదే, పడగొట్టొద్దు, ఉన్నదానికి కలపండని. పారిస్‌లో 1960ల నాటి ఒక ఎత్తైన నివాస భవనాన్ని వాళ్లు కూల్చకుండా, చుట్టూ కొత్త గదులూ బాల్కనీలూ జోడించి పెద్దది చేశారు.

ఐదు గదుల ఇంటికి ఒకే స్నానాల గది ఉండటం లోపమే. కానీ అంత చోటు ఉంది కాబట్టే దాన్ని సరిదిద్దవచ్చు. ఇరుకు ఇంటిని ఎవరూ విశాలం చేయలేరు.

ఇటుకా సున్నం

చెట్టునీడ గారి మాటకు ఒక హెచ్చరిక చేర్చాలి. ఏ గోడ తీయాలన్నా అది బరువు మోసే గోడో, ఊరికే అడ్డుగా కట్టిందో ముందు తేల్చుకోవాలి. అలాగే వెనక వరండా మీద పాత సిమెంటు రేకులు ఉంటే వాటిని పగలగొట్టొద్దు, డ్రిల్ చేయొద్దు. ఆ కాలపు రేకుల్లో ఆస్బెస్టాస్ కలిపేవారు. ఆ దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు. కొనేవాళ్లకు ముందే చెప్పాల్సిన వాటిలో ఇది మొదటిది.

స్తోమత గురించి రెండంతస్తులు గారు అడిగారు. అన్నీ చేయించాల్సిన పని లేదు. పరీక్ష చేయించి, ఫలితాలను కాగితం మీద పెట్టి, అంచనా రాయించి ఇస్తే చాలు. ఆ అంచనా మీద ఇంకో ఐదో వంతు పక్కన పెట్టుకోమని కొనేవాళ్లకు చెప్పండి. పాత గోడ తెరిస్తే ఎప్పుడూ ఏదో ఒకటి బయటపడుతుంది. ఆ కాగితాలు ఉంటే బ్యాంకును మరమ్మతుల లోన్ అడగడానికి కూడా ఒక ఆధారం దొరుకుతుంది.

కొత్తతాళం

నాకు ఆ కాగితం ఒక్కటి ఇచ్చి ఉంటే అదే ధరకు అదే ఇల్లు కొనేవాణ్ణేమో. కనీసం తెలిసి కొనేవాణ్ణి.

పెద్దకూతురు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి.

ముగ్గురం కలిసి ఇంటికి వెళ్లాం. పడమటి గోడ బయట గచ్చును గడ్డపారతో లేపితే కింద ఇంకో గచ్చు, దాని కింద మా చిన్నప్పుడు నాన్న మా చేత పరిపించిన రాళ్లు కనిపించాయి. ఇంజనీరు గారు చెప్పినట్టే నేల జానెడుకు పైగా ఎత్తు పెరిగిపోయింది. ఆ పక్కంతా తవ్వించి నీళ్లు పోయే దారి చేయించాం. ఖర్చు మేము రంగులకు అనుకున్నదాంట్లో పదో వంతు కూడా కాలేదు. గోడ ఆరడానికి అంగుళం మందానికి ఒక నెల లెక్క వేసుకోమని మేస్త్రీ అన్నాడు. తొమ్మిది అంగుళాల గోడ. ఇప్పుడు రంగు వేస్తే పొరలు పొరలుగా లేస్తుందని అన్నయ్యే ఒప్పుకున్నాడు. వేయించడం లేదు.

బీట చివర తమ్ముడు గీత గీసి తేదీ రాశాడు. ఇన్నాళ్లూ ఏమీ మాట్లాడని తమ్ముడు ఆ గదిలో చాలాసేపు కూర్చుండిపోయాడు. వానాకాలం దాటేదాకా అమ్మొద్దని వాడే అన్నాడు.

ఇక మిగిలింది వంటగది, స్నానాల గది. వైరింగ్, పైపులు మేమే మార్పించాలని ముగ్గురం అనుకున్నాం. వంటగది కూడా చేయించాలని అన్నయ్య ఇంకా పట్టుబడుతున్నాడు. నాకు వద్దనిపిస్తోంది. ఒకటోతారీఖు గారూ, మీరైతే ఏం కోరుకుంటారు?

ఒకటోతారీఖు

వంటగది వదిలేయండి. అది ఎవరి అలవాటుకు తగ్గట్టు వాళ్లు చేయించుకుంటారు, మీరు చేయించినా మా ఆవిడ మార్చేస్తుంది. అక్కడ పెట్టే డబ్బుతో రెండో స్నానాల గది చేయించండి, టైల్స్ సాదావైనా ఫర్వాలేదు. పిల్లలతో వచ్చిన రోజే ఆ ఇంట్లో ఉండగలిగితే, మిగతావి ఏడాదికొకటి చొప్పున మేమే చేసుకుంటాం. పైపులు వేసేటప్పుడు గోడ మూయకముందే ఫొటోలు తీసి ఉంచండి. వానాకాలం అయ్యాక ఆ గీతల ఫొటో కూడా ఇక్కడ పెట్టండి, చూస్తాను.