మొదటి ఏడాది విద్యార్థులను వార్డుకు ఎలా తీసుకెళ్లాలి?

నమస్కారం. నేను వైద్య విద్యార్థులకు ఫిజియాలజీ, అంటే శరీరం ఎలా పనిచేస్తుందో చెప్పే పాఠం, చెబుతాను. మొదటి ఏడాదిలోనే వారికి రోగులను చూపించే బాధ్యత ఈసారి నా మీద పడింది. ఆలోచన మంచిదే. ఒంట్లో పేరుకుంటే కామెర్లు తెచ్చే పసుపు పదార్థం బిలిరుబిన్ ఎలా తయారవుతుందో, కాలేయం దాన్ని ఏం చేస్తుందో బోర్డు మీద గంటసేపు చెప్పినా తలకెక్కదు. కామెర్లు వచ్చిన మనిషి కంటి తెల్లగుడ్డు పచ్చబడటాన్ని పగటి వెలుతురులో ఒక్కసారి చూస్తే, మూత్రం ఎందుకు ముదురు రంగులో వస్తోంది, కొందరిలో మలం ఎందుకు పాలిపోతుంది అని వాళ్లే అడుగుతారు.

చిక్కంతా ఆచరణలో ఉంది. పాతికమంది ఒకే మంచం చుట్టూ మూగితే ముందు వరుసవారికే ఏదైనా కనిపిస్తుంది. వెనకవాళ్లు ఫోన్లు చూసుకుంటారు. రోగి సంతలో పశువులా నిలబడాల్సి వస్తుంది. వార్డు వైద్యులకు తీరిక ఉండదు, వారిని తప్పుపట్టలేను. పైగా, రోగనిర్ధారణ తెలియని పిల్లలకు అక్కడ పనేమిటి? నా మటుకు నాకు నాడి, రక్తపోటు చూడటం, శ్వాస లెక్కించడం, పరిచయం చేసుకుని రోగి అనుమతి అడగడం చాలనిపిస్తుంది. కొందరు సహోద్యోగులు కేసు మొత్తం వివరించాలంటారు. అది పైతరగతుల పని కదా!

ఇలాంటివి నడిపినవారు, విద్యార్థులుగా వెళ్లినవారు చెప్పండి. జట్టుకు ఎంతమంది ఉంటే సాగుతుంది? రోగి ఒప్పుకుంటే తరగతి గదికే పిలవడం మేలా? మొదటిసారి నొప్పినో మరణాన్నో చూసి బెదిరినవారితో తర్వాత ఎవరు మాట్లాడేవారు? మార్కుల భయం పెట్టకుండా శ్రద్ధ పుట్టించే ఉపాయం తెలిస్తే అది ముందు రాయండి.