సీఎన్‌సీలో (కంప్యూటర్ నడిపే కోత మెషిన్‌లో) చెక్కిన పొదుగు పనిని ‘హ్యాండ్‌మేడ్’ అని అమ్మడం మోసమా, కాదా?

బెజవాడ_బ్రేక్‌షాట్:
అందరికీ నమస్కారం. ఆర్నెల్ల కిందట మన ఊళ్లోనే ఒకాయన దగ్గర పూల్ క్యూ, అంటే పూల్ ఆడే కర్ర, చేయించుకున్నాను. పేరు చెప్పను. 42 వేలు అయింది. మేపుల్ షాఫ్ట్ (బంతిని కొట్టే సన్నటి భాగం), ఎబొనీ బట్ (చేత్తో పట్టుకునే లావు భాగం), బట్ మీద నాలుగు పాయింట్లు (సూది మొనల అలంకారం), వాటి మధ్య ముత్యపుచిప్పతో పొదిగిన ఎనిమిది మామిడి పిందెలు. మా ఆవిడ పట్టుచీర అంచు ఫోటో తీసి పంపితే అచ్చం ఆ పిందెనే దించారు. చూడ్డానికి బ్రహ్మాండం, ఫోటో పెట్టాను. మొన్న ఊరికే భూతద్దం పెట్టి చూశాను. పిందె తోక కొస సూదిగా ఉండాలి కదా? గుండ్రంగా ఉంది. ఎనిమిదింటికీ ఒకటే గుండ్రం. ఫోన్ చేసి అడిగితే "అవునండీ, సీఎన్‌సీ మీద కోశాం" అన్నారు. బిల్లు మీద మాత్రం ‘హ్యాండ్‌మేడ్’ అని ఉంది. మీరే చెప్పండి.

గుంటూరు_ఎనిమిదో_బంతి:
మోసమే. ఇందులో చర్చించడానికి ఏముంది?

చెక్కపొడి:
ఉందండీ. కట్టర్ తిరిగేదే గుండ్రంగా, కాబట్టి లోపలి మూల గుండ్రంగానే వస్తుంది. 3 మి.మీ. కట్టర్ పెడితే మూలలో 1.5 మి.మీ. వ్యాసార్ధం మిగులుతుంది, 1 మి.మీ. పెడితే అర. చిప్ప ముక్కని కూడా అదే గుండ్రానికి కోస్తేనే సందు లేకుండా కూర్చుంటుంది. అసలు పని ఆ తర్వాతే. ముక్కని ఎపాక్సీ జిగురుతో అతికి, కాస్త పైకి తేలి ఉండేలా వదిలి, ఆరాక బట్‌తో పాటే లేత్ (కర్రని తిప్పుతూ చెక్కే మెషిన్) మీద తిప్పి సమం చేయాలి. కర్ర గుండ్రం, చిప్ప చదును. గాడి లోతు తక్కువైతే తిప్పేటప్పుడు అంచులు పలచబడి ముక్క లేచిపోతుంది. అది చూసుకునేది చెయ్యే, మెషిన్ కాదు.

గుంటూరు_ఎనిమిదో_బంతి:
ఇంత రాశారు గానీ మూల గుండ్రమని మీరే ఒప్పుకున్నారు. చేత్తో ఉలి పట్టినవాడు మూలని సూదిగా తీస్తాడు. తీయలేదంటే చెయ్యి పడలేదు. నాకు ఈ బాధ తెలుసు. 2019లో మా సింహద్వారానికి చేతి చెక్కడం అని ఒక మేస్త్రి 60 వేలు తీసుకున్నాడు. గృహప్రవేశం అయి వారం తిరక్కుండానే మా వెనక వీధిలో అదే నెమలి, కుడివైపు మూడో ఈక అదే వంకరతో, ఇంకో గుమ్మం మీద కనిపించింది. మా బావమరిది ఇప్పటికీ ఎప్పుడొచ్చినా "మీ నెమలి చెల్లెలు బాగుందా బావా" అంటాడు.

నాన్_స్ట్రైకర్:
క్యూ వంగలేదు కదా? మే నెలలో కారు డిక్కీలో పెట్టకండి. నాది అలాగే పోయింది.

చెక్కపొడి:
గుమ్మం వేరు, క్యూ వేరు. సూది మొన కావాలంటే పాయింట్లు చూడండి. అవి వి ఆకారపు గాడి తీసి, ఇంకో కర్రని అందులో అతికినవి. గాడి పైకి తేలేచోట మొన దానంతట అదే సూదిగా వస్తుంది. ఆ గాడిని కూడా మెషిన్ మీదే తీస్తారు, అయినా సూదిగానే ఉంటుంది. కాబట్టి మూలని చూసి చేయా మెషినా అని తేల్చడం కుదరదు. కంప్యూటర్లు రాకముందు అమెరికాలో పాంటోగ్రాఫ్ (అచ్చు గీతల్ని అనుసరించి కోసే మెషిన్) మీద అచ్చు పెట్టి పొదుగు గాడులు తీసేవాళ్లు. ఆ క్యూలని ఎవరూ నకిలీ అనరు.

గుంటూరు_ఎనిమిదో_బంతి:
అమెరికా దాకా ఎందుకు? బిల్లు మీద ఏముందో అది చెప్పండి. ఇంతగా వెనకేసుకొస్తున్నారు, మీ కమీషన్ ఎంత?

చెక్కపొడి:
కమీషనా? ఆ క్యూ తిప్పింది మా నాన్న.

ఫోటోలోని పిందెలు చూడగానే గుర్తుపట్టాను. మాది ఆటోనగర్‌లో లేత్ షెడ్డు. నాన్న ముప్పై ఏళ్లు లారీలకి బుష్‌లు తిప్పారు, ఇప్పుడు ఇవి. కర్రని ఒక్కసారే సైజుకి తెస్తే వంగుతుంది. అందుకే కొంచెం తీసి, వారాల తరబడి వేలాడదీసి, మళ్లీ కొంచెం తీస్తారు. వానాకాలంలో ఇంకా ఆగాలి. మా ముందు గదిలో సీలింగుకి వరసగా బట్‌లే, చుట్టాలొస్తే తలకి తగులుతాయి. మీరు గుండ్రం గుండ్రం అన్న ప్రతిసారీ ఆ క్యూ మీద ఎవరి చెయ్యీ పడనట్టే అవుతోంది.

బ్రేక్‌షాట్ గారూ, బంపర్ (బట్ అడుగున ఉండే రబ్బరు బిళ్ల) పైన సంతకం ఎవరిదో ఒకసారి చూడండి. డిజైన్ గీసినాయనది. మా నాన్న పేరు ఎక్కడా లేదు.

బెజవాడ_బ్రేక్‌షాట్:
చూశాను. ఒక్క సంతకమే ఉంది. మీ నాన్నగారు చేశారని నాకు నిజంగా తెలియదండీ, నాకు అమ్మినాయన ఎప్పుడూ చెప్పలేదు.

బ్రోడీపేట_గీత:
నేను కంప్యూటర్ మీద డిజైన్లు గీసేవాడినే, ఆ సంతకం ఆయన ఎవరో నాకు తెలియదు. పిందె ఎంత పెద్దదైతే కర్ర చుట్టూ సరిగ్గా ఎనిమిది పడతాయో లెక్క వేసేది మేము. చిప్ప విరిగితే నష్టం మాది, కస్టమర్‌ని తెచ్చేది మేము. పేరు పెట్టుకున్నందుకే కదా ఫోన్ కూడా ఆయనకే వెళ్లింది. పొద్దుట్నుంచి ఇక్కడ తిట్లు తింటున్నది ఎవరు?

చెక్కపొడి:
తిట్లలో సగం తీసుకోవడానికి మా నాన్న రెడీ అండీ.

పాత_టేబుల్:
ఈ తగువు కొత్తది కాదు. పూల్ క్యూలు చేసేవాళ్లలో పెద్ద పేరు జార్జ్ బాలబుష్కాది, 1975లో పోయాడు. ఆయన క్యూల్లో చాలావాటికి బట్‌లో పాయింట్లున్న ముందరి భాగం బర్టన్ స్పెయిన్, తర్వాత గస్ జాంబోటి చేసి ఇచ్చినవే. జనం మాత్రం వాటిని బాలబుష్కా అనే అంటారు, బాలబుష్కా అనే కొంటారు. జాంబోటి తర్వాత సొంత పేరుతో పేరు తెచ్చుకున్నాడు, అది వేరే సంగతి.

చెక్కపొడి:
చూశారా, కనీసం ఎవరు చేసిచ్చారో జనానికి తెలిసింది. మా నాన్న పేరు ఆ సంతకం ఆయన ఫోన్‌లో కూడా ‘లేత్ ఆటోనగర్’ అనే ఉంటుంది.

నాన్_స్ట్రైకర్:
అన్నా, నా వంగిన షాఫ్ట్ ఒకటుంది, మీ నాన్నగారు చూస్తారా?

చెక్కపొడి:
వంగిందాన్ని చూడరు. కొత్తది చేస్తారు.

బెజవాడ_బ్రేక్‌షాట్:
ఆదివారం షెడ్డుకి వస్తానండీ. బంపర్ పైన రెండో పేరుకి చోటుంది. డబ్బు నేనే ఇస్తాను.

చెక్కపొడి:
ఆదివారం షెడ్డు మూస్తాం, సోమవారం రండి. కానీ నాన్న ఒప్పుకోరు. పూత గీకి మళ్లీ వేయాలి, బాగున్నదాన్ని ఎందుకు చెడగొట్టడం అంటారు. వేరే బట్ తిప్పేటప్పుడు నేనే అడుగుతాను.

గుంటూరు_ఎనిమిదో_బంతి:
సరే, అంతా బాగుంది. ఇంతకీ బిల్లు మీద ‘హ్యాండ్‌మేడ్’ కొట్టేయిస్తారా లేదా?