అప్‌డేట్: అమ్మ చేతిలోంచి కాఫీ గ్లాసు జారిన సంగతి

పోయిన నెల అడిగాను కదా, అమ్మ కుడిచేతిలోంచి గ్లాసు జారిపోయింది, మాట ముద్దముద్దగా వచ్చింది, పది నిమిషాల్లో మామూలైపోయింది, షుగర్ పడిపోయిందా, మెడ నరమా అని. "తగ్గినా సరే, ఇప్పుడే తీసుకెళ్లండి" అన్నవాళ్లకి థాంక్స్. మీరే కరెక్ట్.

అది టీఐఏ, అంటే మినీ స్ట్రోక్. ఎమ్మారైలో ఏమీ కనపడలేదు. ఒక రోజంతా ఛాతీకి హోల్టర్ (గుండె కొట్టుకోవడాన్ని రికార్డు చేసే చిన్న మెషిన్) కట్టి ఉంచితే గుండె లయ తప్పుతోందని తేలింది. అక్కడ కట్టిన రక్తపు గడ్డే మెదడుకి వెళ్లి ఉంటుందన్నారు. ఇప్పుడు రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతోంది.

షుగర్ 118. మెడ ఎక్స్‌రే డబ్బు దండగ. ఆస్పిరిన్ వేసేయమన్న సలహా పాటించకపోవడమే మంచిదైంది. స్కాన్ తీసేదాకా అది మెదడులో రక్తస్రావం కాదని ఎవరికి తెలుసు? అదే అయ్యుంటే ఆస్పిరిన్‌తో ఇంకా ఎక్కువయ్యేది. మళ్లీ మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా టైమ్ చూసుకుని వెంటనే 108కి ఫోన్ చేయమన్నారు.