లించ్‌బర్గ్ ట్రిప్: శుక్రవారం లోపు తేలాల్సినవి
(టెన్నెసీలోని నాష్‌విల్ నుంచి వెళ్లే తెలుగు అసోసియేషన్ వాళ్ల గ్రూపు; ఇక్కడ ఒక్కొక్కరినీ ఊరి పేరుతోనే రాశాం)

కాకినాడ (సోమ, రాత్రి 9:10)
లించ్‌బర్గ్‌లో విస్కీ కాచే జాక్ డేనియల్స్ డిస్టిలరీ వాళ్లకి పేర్లూ డబ్బూ శుక్రవారం సాయంత్రానికి అందాలి. ఇవాళ్టికి లెక్క 50. రుచి చూపించే టూర్‌కి 27, రుచి లేని టూర్‌కి 23 (పిల్లలు 9, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు 8, మిగతా 6). మిగిలిన పనులు: ఐడీలు, బస్సు బాకీ, హాల్లో భోజనం, పెద్దవాళ్లకి తెలుగు కరపత్రం, టీషర్టు సైజులు. ఎవరిది ఏదో మళ్లీ రాయక్కర్లేదనుకుంటా.

తెనాలి (9:32)
ఐడీల సంగతి. రుచి టూర్‌లోకి 21 నిండనివాళ్లని పక్కన నిలబడటానికి కూడా రానివ్వరు. అమ్మా నాన్నా ఇద్దరూ 27లో ఉండి, పిల్లలు 23లో ఉన్న కుటుంబాలు రెండు కనిపిస్తున్నాయి. ఇద్దరిలో ఒకరు మారాలి, ఎవరో మీలో మీరే తేల్చుకోండి. అసలు కార్డు చేతిలో ఉండాలి, ఫోన్లో ఫొటో గానీ జిరాక్స్ గానీ పట్టుకొస్తే కుదరదు. అమ్మానాన్నల్లో ఎవరైనా రుచి చూస్తామంటే పాస్‌పోర్టు తేవాలి. ఆధార్ చూపించి అక్కడ వాదించే ఓపిక నాకు లేదు.

నిజామాబాద్ (10:05)
బస్సు 56 సీట్లది. పొద్దున 8కి బయల్దేరి సాయంత్రం 6 లోపల వాపస్ వస్తే డ్రైవర్ గంటల సమస్య రాదు. వాళ్లకి రోజుకి 10 గంటల డ్రైవింగ్, మొత్తం 15 గంటల డ్యూటీ దాటొద్దు. మనది అందులో సగం డ్రైవింగ్ కూడా కాదు. కాగితంలో రెండు షరతులున్నయి. ఒకటి, బస్సు లోపల కూరలు, చట్నీలు, నూనె వంటలు తెరవొద్దు, పసుపు మరక పడితే క్లీనింగ్ ఫీజు వేస్తరు. రెండు, కొన్న సీసాలు కింద సామాన్ల అరలోనే పెట్టాలె, మూత తీసింది ఒక్కటి కూడా పైకి రావద్దు.

వరంగల్ (మంగళ, మధ్యాహ్నం 12:20)
హాలు పోయింది.
లించ్‌బర్గ్ దగ్గర మాట్లాడుకున్న చర్చి హాలు వాళ్లు పొద్దున ఫోన్ చేసిన్రు. డిస్టిలరీకి పోయొచ్చే గుంపుకి హాలు ఇయ్యం అన్నరు. మన ఫ్లయర్ చూసిన్రట. హాల్ల పులిహోర, పెరుగన్నం తప్ప ఇంకేం ఉండదని రెండుసార్లు చెప్పిన. వినలేదు. అడ్వాన్సు 250 డాలర్లు చెక్కు పంపుతమన్నరు. ట్రిప్పు వచ్చే శనివారం. 50 మందికి ఎక్కడ అన్నం పెట్టాలె?

కాకినాడ (12:41)
ఒప్పందంలో "కార్యక్రమంలో మద్యం ఉంటుందా" అన్న చోట లేదనే కదా రాశాం. అది నిజమే కదా. అసలు ఫ్లయర్‌లో ఐసుముక్కల గ్లాసు బొమ్మ ఎవరు పెట్టారు?

ఖమ్మం (12:48)
నేనే పెట్టా. విస్కీ ఫ్యాక్టరీకి వెళ్తూ లస్సీ బొమ్మ పెట్టమంటారా అన్నా? ఫ్లయర్ రెండు వారాలు గ్రూపులో ఉంది, అప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు.

నెల్లూరు (1:15)
నేను జులైలోనే చెప్పా. దసరా అయ్యీ అవ్వగానే అసోసియేషన్ బ్యానరు కట్టుకుని మందు కంపెనీకి బస్సు వేసుకుపోతే ఇట్లాగే ఉంటుంది. పెద్దవాళ్లు అక్కడ గంటన్నర నిలబడి ఏం చూడాలి? పిల్లలకి ఏం చెప్పాలి? టూర్ తీసేసి పార్కుకి వెళ్దాం, ఎవరికి కావాలంటే వాళ్లు వాళ్ల కార్లో లించ్‌బర్గ్ పోండి.

ఖమ్మం (1:19)
అసోసియేషన్ డబ్బుతో ఎవరూ తాగట్లేదు బాబాయ్.

నెల్లూరు (1:20)
తాగుతున్నారని నేను అన్నానా?

గుంటూరు (1:55)
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. టూర్ టికెట్లు ఎవరివి వాళ్లే కట్టారు, అసోసియేషన్ ఖాతాలోంచి సెంటు కూడా పోలేదు. ఖాతాలోంచి పోయేవి బస్సు, భోజనం, హాలు, అంతే. మన ఈవెంట్ ఇన్సూరెన్స్‌లో మద్యం బాధ్యత కవరవదు, అందుకే రుచి చూపించడం వాళ్ల ఆవరణలో, వాళ్ల మనుషుల చేతుల మీదుగా జరగాలని మొదట్నుంచీ పట్టుబట్టా. టూర్ తీసేస్తే 27 మందికి డబ్బు తిరిగి ఇవ్వాలి, బస్సు ఎలాగూ కట్టాలి. లెక్క ప్రకారం టూర్ ఉంచి, అన్నం సంగతి చూసుకోవడమే చవక.

కర్నూలు (3:30)
నెల్లూరు బాబాయ్ అడిగినదానికి కరపత్రం కోసం రాసిపెట్టిన ముక్కలే జవాబు. చదివి తప్పులుంటే చెప్పండి.

రుచి చూసినా చూడకపోయినా నడిచే దారి దాదాపు ఒకటే. మొదట బొగ్గు చేసే చోటు. షుగర్ మేపుల్ కట్టెలు చదరంగా పేర్చి, 140 ప్రూఫ్ (అంటే 70 శాతం ఆల్కహాల్) సరుకు చల్లి తగలబెడతారు. బూడిద కాకముందే నీళ్లు కొట్టి బొగ్గు దగ్గర ఆపుతారు. రోజూ కాల్చరు, కాబట్టి మంట చూపిస్తామని పిల్లలకి మాటివ్వొద్దు. తర్వాత గుహలో ఊట. ఏడాది పొడుగునా 56 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. సున్నపురాయిలోంచి వస్తుంది గనక నీళ్లలో ఇనుము ఉండదు, ఇనుముంటే విస్కీ రంగూ రుచీ రెండూ చెడతాయి. పక్కనే కంపెనీ పెట్టిన జాక్ డేనియల్ పాత ఆఫీసు, ఆయన కోపంతో తన్నాడనే ఇనప్పెట్టె. ఆ కాలి దెబ్బే ముదిరి 1911లో పోయాడని గైడ్లు చెప్తారు. చెప్పేటప్పుడు బాగుంటుంది గానీ నమ్మనివాళ్లూ ఉన్నారు.

పిండి పాళ్లు: మొక్కజొన్న 80, మొలకెత్తించిన బార్లీ 12, రై అనే ధాన్యం 8. కిందటి దఫా కాచాక మిగిలిన పుల్లటి పిండినీళ్లు కొంత కొత్తదాంట్లో కలుపుతారు. అమ్మమ్మలకి పాలల్లో తోడు వేసినట్టని చెప్తే పట్టేస్తారు, కాకపోతే ఇక్కడ పని చేసేది పులుపే, పాత పిండిలో ఈస్టు బతికుండదు. పీపాలోకి పోసే ముందు 10 అడుగుల మందం బొగ్గులోంచి చుక్కచుక్కగా దింపుతారు. టెన్నెసీ విస్కీ అని రాసుకోవాలంటే మేపుల్ బొగ్గు వడపోత ఉండాలని 2013లో రాష్ట్రం చట్టమే చేసింది. తొట్టి మూత ఎత్తి వాసన చూపిస్తే ఆస్తమా ఉన్నవాళ్లు దగ్గరికి వంగొద్దు. ఆ గదుల్లో ఆల్కహాల్ ఆవిరి నిండి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే లోపల ఫోన్లూ ఫొటోలూ వద్దంటారు, మర్యాద కోసం కాదు. గోదాముల దగ్గర చెట్లు నల్లగా ఉంటే కాలాయనుకోవద్దు, పీపాల్లోంచి పోయే ఆవిరి తిని బతికే బూజు అది.

కంపెనీ తన పుట్టుక 1866 అంటుంది, రికార్డులు తవ్వినవాళ్లు 1875 అంటారు. కరపత్రంలో రెండూ పెట్టా. ఒక్కటి మాత్రం తీసేయనివ్వను: జాక్‌కి కాచడం నేర్పింది నియరెస్ట్ గ్రీన్, అప్పుడు బానిసగా బతుకుతున్న నల్లజాతి మనిషి. కంపెనీ ఆ మాట ఊరంతా వినేలా చెప్పడానికి 2016 దాకా పట్టింది. పిల్లలకి చెప్పాల్సింది అదే బాబాయ్.

నెల్లూరు (4:10)
ఇది ముందే పెట్టుంటే నేను అంత మాట అనేవాణ్ణి కాదు. అయినా అన్నం సంగతి తేలలేదు.

వరంగల్ (4:22)
అదే నేను అంటున్న. బొగ్గు పది అడుగులైతేంది పదిహేనైతేంది తమ్ముడూ, ఆకలైతే పిల్లలు ఏడుస్తరు.

తెనాలి (5:00)
ఊళ్లో మిస్ మేరీ బోబోస్ ఉంది, పాత బోర్డింగ్ హౌస్, అందర్నీ పెద్ద బల్లల చుట్టూ కూర్చోబెట్టి వడ్డిస్తారు. కానీ ముందే బుక్ చెయ్యాలి, వచ్చే శనివారానికి 50 సీట్లంటే ఆశ లేదు. పైగా మనలో సగం శాకాహారం. దక్షిణాది వంటల్లో చిక్కుళ్లలో కూడా పంది మాంసం ముక్క పడుతుంది, ప్రతి గిన్నెకీ అడగాలి.

నిజామాబాద్ (5:08)
బస్సుల అన్నం తినుడు కాదు, ముందే చెప్తున్న.

ఖమ్మం (6:45)
దొరికింది. మాంచెస్టర్‌లో ఓల్డ్ స్టోన్ ఫోర్ట్ స్టేట్ పార్కు. లించ్‌బర్గ్ నుంచి 55 నంబరు రోడ్డు మీద తుల్లహోమా దాటుకుని పోవడమే, ముప్పావుగంట లోపు. అక్కడి నుంచి 24 హైవే ఎక్కితే నేరుగా నాష్‌విల్, దారి చుట్టు తిరగదు. పిక్నిక్ షెల్టర్ ఆ రోజు ఖాళీగా ఉంది, నా కార్డు మీద పట్టేశా. పెద్దవాళ్లకి కూడా చూడటానికి ఉంది: రెండు నదుల మధ్య దాదాపు 2,000 ఏళ్ల కిందట ఇక్కడి ఆదివాసులు కట్టిన మట్టి, రాతి గట్టు, జలపాతాలు. పేరుకి కోట గానీ యుద్ధానికి కట్టింది కాదంటారు. గట్టు చుట్టూ నడిస్తే మైలు పైచిలుకు, మోకాళ్ల నొప్పులవాళ్లు మ్యూజియం దగ్గరే కూర్చోవచ్చు.
ఫ్లయర్‌లో గ్లాసు తీసి పీపా పెట్టా. ఇక ఎవరూ మాట్లాడొద్దు.

నెల్లూరు (6:52)
పీపా బాగుందిలే.

గుంటూరు (7:20)
సరే. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ మీద పాత హాలు పేరుంది. పార్కు పేరు మార్చి కొత్తది తీయించాలి, రెండు పనిదినాలు పడుతుంది, రేపు పొద్దునే ఏజెంటుకి మెయిల్ పెడతా. ఖమ్మం తమ్ముడూ, బుకింగ్ రసీదు పంపు, దాంట్లో ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే రాయించాలి. పార్కులో సీసా ఒక్కటి కూడా బయటికి రాకూడదు. బస్సు కింది సామాన్ల అర తాళం చెవి నిజామాబాద్ దగ్గరే ఉండాలి.

కాకినాడ (7:41)
అయితే టైములు మారుస్తున్నా. బస్సు 8:00, లించ్‌బర్గ్ 9:45. రుచి లేని టూర్ 10:15, రుచి టూర్ 10:45. దుకాణం 12:45 దాకా. 1:00కి బయల్దేరి మాంచెస్టర్ 1:45, భోజనం 2:00. పార్కు నుంచి 4:00. మెట్లెక్కలేని ముగ్గురి సంగతి డిస్టిలరీకి రేపే ఫోన్ చేసి చెప్పాలి, ఆ రోజు గేటు దగ్గర చెప్తే ఏర్పాటు చెయ్యలేరు.

వరంగల్ (8:30)
భోజనం 1 నుంచి 2కి జరిగింది, మధ్యల 27 మంది ఖాళీ కడుపుతోని విస్కీ తాగుతరు. అది కుదరదు. బస్సు ఎక్కకముందే, 7:15కి గుడి పార్కింగ్‌ల ఇడ్లీ, పల్లి చట్నీ పెట్టేస్త. బస్సుల అరటిపండ్లు, నీళ్లు. టూర్ అయినంక పిల్లలకి ఇంకో అరటిపండు.
హాల్ల ఫ్రిజ్ ఉందనుకుని రాసుకున్న వంటలు మారుస్తున్న. సాంబారు తీసేసిన, అది రోడ్డు మీద ఒలికితే అయిపోయినట్టే. పులిహోరకి 4 కిలోల బియ్యం, 450 గ్రాముల చింతపండు. పెరుగన్నానికి 2.5 కిలోలు. మెత్తగ వండి, వేడి మీదనే ఒక గ్యాలన్ పాలు పోసి మెదిపి, పూర్తిగ చల్లారినంక రెండు పౌండ్ల పెరుగు కలపాలె. అన్నీ పెరుగే పోస్తే రెండింటి వరకు పుల్లగైతది, పాలు తక్కువైతే ఐసు పెట్టెల రాయి లెక్క గట్టిపడ్తది. ఐసు పెట్టె లోపల 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందనే ఉండాలె, థర్మామీటర్ పెడ్త. దానిమ్మ గింజలు అక్కడికి పోయినంక చల్లుదాం.
పులిహోర రాత్రి వండి మూత పెట్టొద్దు, చెమట పట్టి పాడైతది. పొద్దున 5కి వండి, పళ్లెంల ఆరబోసి, అప్పుడు కలుపుడు.

తెనాలి (8:58)
దుకాణంలో కొనేవాళ్లకి, ముఖ్యంగా వచ్చే నెల వెనక్కి వెళ్లే అమ్మానాన్నలకి. ఇండియాలో సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లు. ఇక్కడి సీసా 750 మిల్లీలీటర్లు, రెండైతే లీటరున్నర, మూడోది కొంటే దాటినట్టే. చెక్‌ఇన్ పెట్టెలోనే పెట్టాలి, సీలు తియ్యకూడదు. 140 ప్రూఫ్ దాటినదాన్ని విమానంలో అసలు పట్టరు. సింగిల్ బ్యారెల్ (ఒకే పీపాలోంచి నింపిన) ప్రత్యేక సీసాల్లో కొన్ని ఆ గీత దగ్గరికి వస్తాయి, కొన్ని దాటతాయి, లేబుల్ చదివాకే డబ్బు ఇవ్వండి. ఆ ఊళ్లో మామూలు మందు దుకాణం ఉండదు, మూర్ కౌంటీ డ్రై కౌంటీ, అంటే మామూలుగా మందు అమ్మకూడని చోటు. దారిలో కొందాంలే అనుకుని మళ్లీ బస్సు ఆపమనొద్దు. మన పేర్లు రాసిన అట్టపెట్టెలు నేను తెస్తా, సీసాలు నిలువుగానే పెట్టాలి.

కర్నూలు (9:15)
టూర్ అయ్యాక చట్టనూగా వెళ్తామన్న కుటుంబం సొంత కార్లో వస్తోంది. నడిపేవాళ్ల పేరు 27లో ఉంది. టెన్నెసీలో బండి నడిపేవాళ్ల రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతం, రుచి గ్లాసులు చిన్నవే, అయినా తాగిన వెంటనే స్టీరింగ్ పట్టేవాళ్లని ఆ జాబితాలో పెట్టడం నాకు ఇష్టం లేదు. 23లోకి మార్చేశా, వాళ్లకి ఫోన్ చేసి చెప్పా, ఒప్పుకున్నారు.

కాకినాడ (9:22)
తెనాలి చెప్పిన రెండు కుటుంబాల్లోనూ ఒక్కొక్కరు మారారు. అంటే ఇప్పుడు 24, 26. ఈ లెక్కే పంపేస్తున్నా, ఇక ఎవరూ అటూ ఇటూ మారొద్దు.

వరంగల్ (9:40)
వేడి పెట్టెలు ఎవరింట్ల ఉన్నయి? పులిహోరకి వద్దు గని ఇడ్లీకి కావాలె.

నెల్లూరు (9:47)
మా గరాజ్‌లో రెండున్నాయమ్మా. ఒకదాని మూత సరిగ్గా పట్టదు, బెల్టు కట్టాలి. శుక్రవారం రాత్రి మీ ఇంటికి తెచ్చిస్తా, 5 గంటలకి అన్నం కలపడానికి మేమిద్దరం వస్తాం.