బెలూగా ఫొటోలు రెండు: ఒకటే తిమింగలమా, వేర్వేరా?

కడలిచూపు:
ఆరు గంటలుగా ఇదే పని, కళ్లు మండిపోతున్నాయి. రెండు ఫొటోలు ఒకే రోజు, ఒకే చోట తీసినవి. మొదటిదాని వీపు మీద వరసగా మూడు గుండ్రటి మచ్చలు. రెండోదానికి చిన్న గాటు కూడా లేదు. కానీ రెండిట్లోనూ పక్కన బూడిద రంగు పిల్ల ఉంది. ఇదివరకు గుర్తుపట్టిన బెలూగాల ఫొటో కేటలాగ్ మొత్తం తిరగేసినా దొరకలేదు. రేపు లిస్టు ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

ఉత్తరగాలి:
ఏ వైపు?

పదశోధన:
ముందు పేరు సంగతి చూద్దాం. బెలూగా అని స్టర్జన్ జాతి చేప ఒకటి ఉంది, కాస్పియన్ సముద్రంలో దొరుకుతుంది, దాని గుడ్లే కేవియర్. తిమింగలాన్ని రష్యన్లు బెలుఖా అంటారు. మనం 'తెల్ల తిమింగలం' అని రాస్తే ఈ తికమకే ఉండదు.

ఉత్తరగాలి:
పిల్లలు బూడిద రంగులో పుడతాయి, తెల్లబడడానికి ఏళ్లు పడుతుంది. వాటిని ఏమని రాస్తారు? కడలిచూపు గారూ, ఎక్కడ తీశారు, ఏ వైపు?

కడలిచూపు:
అలాస్కా, కుక్ ఇన్‌లెట్ (నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ). చెప్పాననుకున్నాను, సారీ. యాంకరేజ్ ఒడ్డు నుంచి తీశాం. మొదటిది తిమింగలం పాయ ఎగువకు వెళ్తున్నప్పుడు, రెండోది తిరిగి వస్తున్నప్పుడు.

తీరవాసి:
అదండీ విషయం. ఆ ఒడ్డు నుంచి చూస్తే మొదటి ఫొటోలో పడింది ఒంటి కుడి వైపు, రెండోదాంట్లో ఎడమ వైపు. అక్కడి నీళ్లు హిమానీనదాల ఒండ్రుతో గోదావరి వరదలా ఉంటాయి, పైకి తేలిన వీపే కనిపిస్తుంది. బెలూగాకు వీపు మీద రెక్క ఉండదు, చిన్న గట్టు మాత్రమే. కుడి పక్కనున్న మచ్చ ఎడమ నుంచి ఎలా కనిపిస్తుంది? అక్కడి బెలూగాలను ఫొటోలతో గుర్తుపట్టే పని 2005 నుంచి నడుస్తోంది, అందులో కుడి కేటలాగ్, ఎడమ కేటలాగ్ వేరు వేరు. రెండు వైపులా ఒకే జీవివని రుజువైతేనే కలుపుతారు. పిల్లను సాక్ష్యంగా తీసుకోకండి, పిల్లలు వేరే పెద్దల పక్కన కూడా ఈదుతాయి. పైపై గీతల్నీ నమ్మొద్దు, చర్మం ఊడినప్పుడు పోతాయి. లోతైన మచ్చలే నిలుస్తాయి.

సిగ్నల్:
ఇంత కష్టం దేనికి? ఉపగ్రహానికి సిగ్నల్ పంపే ట్యాగ్ ఒంటికి వేస్తే ట్రాకింగ్ అదే అవుతుంది కదా.

తీరవాసి:
ట్రాకింగ్ వేరు, గుర్తుపట్టడం వేరు. ట్యాగ్ కొన్ని నెలల జాడే చెబుతుంది, ఫొటో ఏళ్ల తరవాత కూడా 'ఇది అదే' అని చెబుతుంది. పైగా ట్యాగ్ వెయ్యాలంటే వలవేసి పట్టాలి. కుక్ ఇన్‌లెట్‌లో 1979లో దాదాపు 1,300 ఉన్నవి 2022 లెక్కకు 331 దగ్గర ఆగాయి. వాటిని అలా హింసపెట్టడం నాకు ఇష్టం లేదు.

సిగ్నల్:
జాడ తెలిస్తే గుర్తుపట్టినట్టే కదండీ, మాటల్లోనే తేడా.

ఉత్తరగాలి:
కాదు. కడలిచూపు గారూ, ఆ మూడు మచ్చలు గట్టుకు ఆనుకుని ఉన్నాయా? 1999–2002 మధ్య అక్కడ ట్యాగులు వేశారు. వాటి కడ్డీలు గట్టు కింద ఇటు నుంచి అటు దూరతాయి. ఇవి ఆ కడ్డీల మచ్చలే అయితే ఎడమ వైపూ మచ్చలుండాలి.

కడలిచూపు:
ఆనుకునే ఉన్నాయి! ఎడమ ఫొటోలో సరిగ్గా అక్కడే నీటి తుంపర. ఇంకో ఫ్రేమ్ ఉందేమో చూస్తాను. థాంక్సండీ.

పదశోధన:
'గట్టు' అనే మాట ఇక్కడ సరైనదేనా?